హెవీ మెటల్ సినిమా ఆడిన ఆదివారం

ముత్తంగి దగ్గర నుంచి
ఆదివారం, పగలు

అన్నయ్యకు,

చెల్లెలు కుమారి దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నాకే లోటూ లేదు, ఒళ్లు బాగుంది. అక్కడ నువ్వూ అమ్మా వదినా పాపా అందరూ ఆరోగ్యంగా ఉన్నారని నమ్మి మొదలుపెడుతున్నాను. అమ్మ మోకాలికి ఆ కొత్త పట్టీ పని చేసిందా? పాపకి పైపళ్లు రెండూ వచ్చేశాయని వదిన చెప్పింది, కొరుకుతోందా? పెదనాన్న కంటికి ఆపరేషను చేయిస్తామన్నారు, అయిందో లేదో చెప్పనే లేదు.

అమ్మా, నేను బాగున్నాను. వేళకి తింటున్నాను. ఇక్కడ చలి మన దగ్గరకంటే ఎక్కువే కానీ స్వెట్టరుంది, నువ్విచ్చిన దుప్పటి ఉంది. పొద్దున్నే ముత్తంగి జంక్షన్లో కంపెనీ బస్సెక్కుతాను. లారీలు చాలా తిరుగుతాయి, చూసుకునే దాటుతాను. పని కూర్చుని చేసేదే. మాత్రల్లో కలిపే మందుపొడి మా ల్యాబుకి వస్తుంది, అందులో ఉండకూడనిదేమైనా ఉందా అని మిషన్లో పెట్టి చూస్తాను, అంతే. కళ్లద్దాలూ చేతి తొడుగులూ వాళ్లే ఇస్తారు. నేనుండే గది సత్తెమ్మ అవ్వ వాళ్లది. పాతకాలం నుంచీ ఈ ఊళ్లో ఉన్నవాళ్లు, నన్ను ఇంటి పిల్లలాగే చూస్తారు. జొన్నరొట్టె తినడం నేర్చుకున్నాను, చేయడం మాత్రం రాలేదు, నా రొట్టె మన ఆంధ్రా మ్యాపులా వస్తోందని అవ్వ నవ్వుతుంది. నీళ్లు కొనుక్కునే తాగుతున్నాను. ఒట్టు. ఇక అడక్కు.

అసలు కబురు. నా ఉద్యోగం పర్మినెంటయింది. కాగితం చేతికొచ్చింది. దేవుడి దగ్గర దీపం పెట్టు. ఇటువైపు ఎవరైనా వస్తుంటే కాసిని ఎండు నెత్తళ్లూ పనసపిక్కలూ పంపించు. ఎండుచేపల వాసన ఇక్కడివాళ్లకి పడదు, తలుపేసుకుని వండుకుంటాను. నేను బాగున్నాను, బెంగ పెట్టుకోకు.

అన్నయ్యా, పైకి చదవడం ఇక్కడితో ఆపు. ఉత్తరం అయిపోయిందని అమ్మకి చెప్పు. మిగతా కాగితాలు నువ్వొక్కడివే దుకాణంలో కూర్చుని చదువుకో.

ఫోన్ చేస్తే అమ్మ స్పీకరు పెట్టమంటుంది. వాట్సాప్‌లో రాయాలంటే ఇప్పుడు నాకు భయం, ఎందుకో నీకే తెలుస్తుంది. అందుకే పటాన్‌చెరు పోస్టాఫీసుకెళ్లి కవరు కొన్నాను. కౌంటర్లో ఆయన "ఉత్తరమా?" అని రెండుసార్లు అడిగాడు. పర్మినెంటయిన మాట నిజమే. ఎలా అయిందో నీకు చెప్పకపోతే ఈ గదిలో నాకు పిచ్చెక్కేలా ఉంది.

నేను బయల్దేరిన రోజు పలాస స్టేషన్లో నువ్వు నా చేతిలో పెట్టిన పెన్‌డ్రైవు గుర్తుందిగా, మన హెవీ మెటల్ బ్యాండ్ల సినిమాలన్నీ ఎక్కించినది. వచ్చిన కొత్తలో నన్ను బతికించింది అదే. ఇక్కడ నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఆదివారం వస్తే భయమేసేది. బట్టలుతకడం పది గంటలకల్లా అయిపోయేది, ఆ తర్వాత మాట్లాడేందుకు మనిషి ఉండేవాడు కాదు. అందుకని మధ్యాహ్నం రెండింటికి లాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. మనింట్లో మనం కూర్చునే వేళే అది.

వాటి ఇంగ్లీషు పేర్లు నాకు ఇప్పటికీ సరిగ్గా రావు. మనం పెట్టుకున్న పేర్లే. 'నల్ల చొక్కాల సినిమా' నాలుగుసార్లు చూశాను. కొడుకు బ్యాండు మొత్తానికీ వాళ్లమ్మ కుట్టు మిషను మీద నల్ల చొక్కాలు కుట్టిపెడుతుంది, మీద పుర్రె బొమ్మ కుట్టమంటే శకునం బాగోదని పువ్వు కుడుతుంది. ఆ కుర్రాళ్లు జుట్టు విరబోసుకుని, పువ్వుల చొక్కాలతో స్టేజీ ఎక్కి గొంతు చించుకుని అరుస్తారు. నువ్వు పొట్ట పట్టుకుని నవ్వేవాడివి, నాకు ఎప్పుడూ ఏడుపే వచ్చేది. ఒకరోజు అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఆ పాడేవాణ్ని చూసి, "ఒలమ్మా, ఎందుకలాగ ఏడుస్తన్నాడు, ఆడికేటయ్యింది?" అంది. అప్పటి నుంచీ నాకు ఆ సంగీతమంటే అదే అర్థం. ఎవడికో ఏదో అయింది, మామూలు గొంతుతో చెప్పుకోలేడు.

'బస్సు డ్రైవరమ్మ సినిమా' మాత్రం ఒక్కసారే చూడగలిగాను. అది నాన్నది. డయాలసిస్ నుంచి తెచ్చి పడుకోబెట్టాక, సౌండు తగ్గించి పెట్టమనేవాడు. పగలంతా స్కూలు బస్సు నడిపి, సాయంత్రం లారీలాగే చోట గిటారు వేసుకుని పాడుతుందావిడ. "డూటీ మానదు, పాటా మానదు, అదీ మనిసంటే," అనేవాడు. మనూరంతా నిన్ను 'హెవీ మెంటల్' అని వెక్కిరించినా నాన్న ఒక్కమాట అనలేదు. నా ఎమ్మెస్సీ రెండో ఏడు ఫీజు కట్టిన వారంలో నీ డ్రమ్ములు ఇంట్లోంచి మాయమైతే, ఎవరికో వాయించడానికిచ్చానన్నావు. నేను నమ్మినట్టు నటించాను. ఇన్నాళ్లకి చెబుతున్నాను, నాకు ఆ రోజే తెలుసు.

మూడోది 'వెల్డింగు షాపు సినిమా'. నా లెక్కలో అన్నిటికంటే గొప్పది అదే. ఇనుప ఫ్యాక్టరీ ఊళ్లో ఐదుగురు వెల్డర్లు, మూతబడుతున్న షెడ్డులో ఆఖరి కచేరీ, వినడానికి వాళ్ల పెళ్లాలూ ఒక వాచ్‌మనూ తప్ప ఎవరూ రారు. అయినా పూర్తిగా వాయిస్తారు. ఇప్పుడు ఈ కథంతా ఆ సినిమా వల్లే జరిగింది.

ల్యాబులో నా పక్క టేబులు రేణుకది. సంగారెడ్డి నుంచి రోజూ వస్తుంది, నాకున్న ఒక్క స్నేహితురాలు. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, ఆదివారం ఏం చేస్తావని అడిగింది. హెవీ మెటల్ సినిమా చూస్తానన్నాను. "ఓ తల్లీ! ఆరు దినాలు గా హెవీ మెటల్సే టెస్ట్ చేస్తం, ఏడో దినం గూడ గదే సూస్తవా?" అని పగలబడి నవ్వింది. సీసం, పాదరసం లాంటివి పొడిలో ఎంతున్నాయో చూసే పరీక్షని మేం హెవీ మెటల్స్ టెస్టంటాం. నేనూ నవ్వాను. నవ్వకుండా అప్పుడే విడమరిచి చెప్పి ఉంటే బాగుండేది. "నేను గూడొస్త," అంది. లాప్‌టాప్ చిన్నదని, అవ్వని అడిగితే వాళ్ల టీవీకి పెట్టుకోమంది. "ఏం సిన్మా బిడ్డా?" అనడిగింది. నేను మళ్లీ అదే మాట చెప్పాను.

అన్నయ్యా, నీకొకటి చెప్పాలి. ఈ చుట్టుపక్కల ఊళ్లలో సంతకం చేయడం రాని ముసలివాళ్లకి కూడా ఒక ఇంగ్లీషు మాట వచ్చు. అది హెవీ మెటల్. ఎన్నో ఏళ్ల కిందట ఫ్యాక్టరీల మురుగు బావుల్లోకి దిగిందని ఎవరెవరో వచ్చి ఆ నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారట. కొందరు కోటు వేసుకున్నవాళ్లు, కొందరు కెమెరాలున్నవాళ్లు. వాళ్ల నోట విని ఈ మాట నేర్చుకున్నారు. అవ్వ మొగుడు మల్లయ్య తాత అయితే ఆ మాటని జ్వరం పేరు చెప్పినట్టు చెబుతాడు. "మా బాయికి హెవీ మెటల్ వచ్చింది," అంటాడు. ఇక్కడ బావిని బాయి అంటారు. ఆయనకి ఇంటి వెనక నాలుగెకరాలుండేది, ఆ బావి నీళ్లతో వరి పండించేవాడు. ఇప్పుడు అవ్వ పక్క ఫ్యాక్టరీలో ఊడ్చే పనికెళుతుంది, తాత గడప మీద కూర్చుంటాడు. ఇద్దరూ నాలాగే క్యాను నీళ్లు కొనుక్కుని తాగుతారు.

నా మాట అవ్వ చెవిన పడ్డాక ఎలా పాకిందో చెప్పక్కర్లేదు. కిరాయికున్న పిల్ల, పెద్ద చదువు చదివిన పిల్ల, హెవీ మెటల్ మీద సినిమా వేస్తుందట. ఆదివారం రెండింటికి రేణుకా నేనూ వైరు బిగించి వెనక్కి తిరిగేసరికి అవ్వ వాళ్లింటి ముందరి రేకుల షెడ్డు నిండిపోయింది. ముప్పై మంది ఉంటారు. చాలామంది ముసలివాళ్లు, కొందరు ఉతికిన బట్టలు కట్టుకొచ్చారు. ఇంటికొకటి చొప్పున పాత కూల్‌డ్రింకు సీసా పట్టుకొచ్చారు, అందులో నీళ్లు. నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక అవ్వ దగ్గరికెళ్లాను.

"అవ్వా, ఇది పాటల సినిమా," అన్నాను.

"పాటలు గూడ ఉంటయి గదా బిడ్డా సిన్మాలల్ల. నువ్వెయ్యి," అంది.

ఇంకేం చేయను? వేశాను. ఆ ఐదుగురు జులపాలవాళ్లు తెర మీదికొచ్చి అరవడం మొదలుపెడితే ఒక్కరు కూడా లేవలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని మనమంటాం గానీ, వీళ్లు చెవిటివాళ్లు కాదు, అంత ఓపికగా విన్నవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు. తమ సంగతి ఎప్పుడొస్తుందా అని వింటున్నారు. ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించగానే "గిది మన దిక్కు లెక్కనే ఉన్నది," అన్నారెవరో. డ్రమ్ములు వాయించేవాడు సిగరెట్టు కాల్చి కాలవలో పారేసే చోటుంది చూడు, రెండు సెకన్లు, నీళ్లు తుప్పు రంగులో ఉంటాయి. నువ్వూ నేనూ దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. అది రాగానే మల్లయ్య తాత లేచి నిలబడ్డాడు.

"ఆపు బిడ్డా! ఎనకకు తియ్యి జెర."

వెనక్కి తీశాను. మూడుసార్లు వేయించారు. మూడోసారికి వెనక కూర్చున్నవాళ్లు కూడా టీవీ దగ్గరికొచ్చి చూశారు. ఒకాయన తన ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. సినిమా అయిపోయి తెర నల్లబడ్డాక కూడా ఎవరూ కదల్లేదు. తాత మెల్లగా అడిగాడు, "మంచిగుంది. మా బాయి ఎప్పుడొస్తది?"

రేణుక నా వైపు చూసింది. ఇది వేరే దేశపు కథ అని, హెవీ మెటల్ అంటే ఒక రకం సంగీతమని, తప్పు నాదేనని చెప్పాను. ఎవరూ కోప్పడలేదు. ఒక ముసలావిడ మాత్రం "మా నీళ్ల పేరు పాటలకు వెట్టుకున్నరా?" అని ఆశ్చర్యపోయింది. నేను పని చేసేది ల్యాబులో అని అవ్వ చెప్పగానే వాళ్ల ముఖాలు మళ్లీ వెలిగాయి. "సిన్మా లేకుంటే మానె, నువ్వే సూడు బిడ్డా, నీ కాడ మిషన్ ఉన్నది గదా," అని తాత తన సీసా నా గుమ్మం మీద పెట్టాడు. ఆ వెనకే మిగతావాళ్లు. పదకొండు సీసాలు. ఎవరి సీసా మీద వాళ్ల పేరు రాయించుకొచ్చారు. బయటి నీళ్లు ల్యాబులో పెట్టకూడదు, పెడితే ఉద్యోగం పోతుంది. ఆ మాట వాళ్లతో అనలేకపోయాను. సీసాలు తీసుకెళ్లి మంచం కింద పెట్టాను.

మనింటి నుంచి కూడా సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు కదన్నయ్యా. నాన్నకి రోగం తెలిసిన ఏడాది. ఉద్దానం ఊళ్లన్నీ తిరిగారు వాళ్లు. ఒకావిడ నాకు చాక్లెట్టిచ్చింది. మన నూతి నీళ్లలో ఏముందో, ఏమీ లేదో, ఆ తర్వాత మనకెవరూ చెప్పలేదు. నేను కెమిస్ట్రీ తీసుకున్నది అందుకేనని ఇంటర్వ్యూలో గొప్పగా చెప్పాను. ఇప్పుడా చాక్లెట్టు ఇచ్చినావిడకీ నాకూ తేడా ఏమిటో తెలియడం లేదు.

మంగళవారం హెచ్ఆర్ సారు పిలిచారు. ఆయన ఫోన్లో మా రేకుల షెడ్డు ఫోటో, కింద ఎవరో 'హెవీ మెటల్ సినిమా ప్రదర్శన' అని రాసి గ్రూపులన్నిట్లో తిప్పారు. కంపెనీ పెద్దది చేయడానికి ఊరివాళ్ల అభిప్రాయం అడిగే సభ ఆ మరుసటి వారమే ఉంది. నాకా సంగతే తెలియదు.

"నిన్ను ఎవరు నడిపిస్తున్నరమ్మా? ఏ సంఘం?"

"సంఘం లేదు సార్. అది మ్యూజిక్ సార్. హెవీ మెటల్ అంటే మ్యూజిక్."

ఆయన నవ్వలేదు. తన ఫోన్లోనే వెతికి అలాంటి పాటొకటి పెట్టి, అరనిమిషం విని, తల పట్టుకుని ఆపేశారు. "ఇదా! ఇంట్ల కూసొని ఇది వింటవా నువ్వు?" అన్నారు. అప్పుడు నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "నేన్నమ్ముతున్న. పైవాళ్లు నమ్మాలె గదా. జరిగిందే ఒక కాగితం మీద పెడదాం," అని టైపు చేయించారు. ఒకటి, ఆదివారం వేసినది సంగీతం సినిమా. రెండు, దానికీ ఇక్కడి నీళ్లకూ సంబంధం లేదు. మూడు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ఈ ఊళ్లోనే ఉంటున్న నాకు ఇక్కడి నీళ్లలో దోషమేదీ దృష్టికి రాలేదు.

మూడోది చదివి ఆగాను. "అబద్ధమేముందమ్మా, నీ దృష్టికి వచ్చిందా?" అన్నారాయన. రాలేదు. నేను చూస్తే కదా రావడానికి. ఆ కాగితం పక్కనే ఇంకో కాగితం పెట్టారు, నా పర్మినెంటు ఉత్తరం, సంతకం చేసి సిద్ధంగా ఉంది. ఏదీ విడిగా చెప్పలేదు. పెట్టారంతే. మన సినిమాలన్నిట్లో ఈ సీనుంటుంది, కోటు వేసుకున్నవాడు బ్యాండువాళ్ల ముందు కాగితం జరుపుతాడు, నువ్వు కుర్చీలోంచి లేచి "పెట్టకురా సంతకం!" అని అరుస్తావు. ఆ గదిలో అరిచేవాళ్లు లేరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నీ డ్రమ్ములు గుర్తొచ్చాయి, అమ్మ గుర్తొచ్చింది. పెట్టేశాను. నీ డ్రమ్ముల పేరు చెప్పి తప్పించుకోవాలని రాయడం లేదు. అవి లేకపోయినా పెట్టేదాన్నేమో. నాకు ఈ ఉద్యోగం కావాలి.

గురువారం పొద్దున రేణుక చెప్పింది, నా కాగితం జిరాక్సు పంచాయతీ ఆఫీసు గోడకి అంటించారట. మొదటి రెండు మాటలు తీసేసి మూడోదే పెద్దక్షరాలతో, కింద నా పేరూ చదువూ. ఊరంతా నన్ను తిడుతుందనుకున్నాను. సత్తెమ్మ అవ్వ ఇల్లు ఖాళీ చేయమంటుందని బ్యాగు సర్దుకున్నాను. తేలు కుట్టిన దొంగలా గదిలో కూర్చున్నాను. తిట్టి ఉంటే బాగుండేది అన్నయ్యా. సాయంత్రం మల్లయ్య తాత వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"మా సీసలు మిషన్ల వెట్టే రాసినవ్ గదా బిడ్డా?"

నేను నోరు తెరిచాను. పెట్టలేదు తాతా, అవి నా మంచం కిందే ఉన్నాయి, మూత కూడా తీయలేదు అని చెప్పాలి. అంతే చెప్పాలి. ఆయన నా జవాబు కోసం ఆగలేదు. "నాకెర్కనే. నువ్వు సూడకుండ రాసే పిల్లవు గాదు," అని తనకు తనే చెప్పుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన ఏడవగా చూడటం అదే మొదటిసారి. సంతోషంతో ఏడ్చాడు.

మరుసటి బుధవారం సభ జరిగింది. మైకు పెట్టి, నీళ్ల గురించి ఎవరైనా మాట్లాడతారా అని అడిగారట. ఇన్నేళ్లుగా ప్రతి సభలోనూ లేచి కొట్లాడేది మల్లయ్య తాతే. ఆయన లేచి, "మా ఇంటి పిల్ల సూసింది. మంచిగనే ఉన్నయంట," అని కూర్చున్నాడట. ఇంకెవరూ లేవలేదు. ఈ ముక్క రేణుక చెప్పింది, చెప్పాక నాతో మాట్లాడటం మానేసింది. మా టేబుళ్ల మధ్య మూరెడు దూరం కూడా లేదు.

నీళ్లు నిజంగా బాగానే ఉండొచ్చు. ఎన్నో ఏళ్లయింది కదా, శుభ్రపడి ఉండొచ్చు. నాకు తెలియదు. తెలియదని రాసి ఉండాల్సింది, అంత చిన్న మాట. ఇప్పుడు వెళ్లి చెబితే ఉద్యోగం పోతుంది, ఈ చుట్టుపక్కల ఏ ల్యాబూ నన్ను గేటు దాటనివ్వదు, సభ ఎలాగూ అయిపోయింది. చెప్పకపోతే ఏమవుతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు, నాన్న పోయేదాకా మంచం పక్కన కూర్చున్నవాడివి. రోజూ పొద్దున ఇవాళ చెబుదామనుకుంటాను, బస్సు వచ్చేస్తుంది. చెప్పలేననే అనుకుంటున్నాను. నా మీద నాకు నమ్మకం పోయింది. మన సినిమాలు కూడా చూడటం లేదు. ఆ రెండు సెకన్లు వస్తాయేమోనని భయం.

నిన్న శనివారం సాయంత్రం పని నుంచి రాగానే అవ్వ పిలిచింది. బావికి కొత్త మోటారు బిగించారు, పూజ చేశారు. పసుపు బొట్లు పెట్టిన బిందె, పక్కనే పొగలు కక్కుతున్న అన్నం గిన్నె. క్యాను నీళ్లబ్బాయిని ఇక రావద్దన్నదట. "ఇరవై ఏండ్లాయె బిడ్డా, మా బాయి నీళ్లతోని బువ్వ వండక. ఫస్టు నీకే వెడ్త, నీ పుణ్యమే గదా," అని నన్ను పీట మీద కూర్చోబెట్టి, పప్పు పోసి, పక్కన చెంబుతో నీళ్లు పెట్టింది. తాత ఎదురుగా కూర్చుని నా ముద్ద నోట్లోకి వెళ్లేదాకా చూశాడు. తిన్నాను. అన్నం బాగుంది, తెల్లగా, మెత్తగా ఉంది. ఎలా ఉందని అవ్వ అడిగింది. బాగుందన్నాను. ఇంకొంచెం పెట్టనా అంది. పెట్టించుకున్నాను.

పెదనాన్నకీ వదినకీ నా నమస్కారాలు. పాపకి ముద్దులు. ఇది చదివి నువ్వు నాకు ఫోన్ చేయకు, చేసినా ఏమీ అనకు. ఉత్తరం చివర నీ దీవెనలు అడగాలి, ఈసారి అడగను. అమ్మవి మాత్రం నా తరఫున అడిగి పుచ్చుకో. ఆమెకేమీ తెలియదు కాబట్టి మనస్ఫూర్తిగా ఇస్తుంది.

ఇట్లు,
నీ చెల్లెలు
కుమారి